జనగామ నుంచి పిల్లలతో ఒక్కరోజు: రామప్ప, ఖిలా వరంగల్ చాలు, మిగతావి ఇంకోసారి

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ: ఆదివారం పొద్దున్నే జనగామ నుంచి సొంత కారులో బయల్దేరాలి, వేయి స్తంభాల గుడి, భద్రకాళి, ఖిలా, రామప్ప, లక్నవరం, పాకాల, టైముంటే జూపార్కు కూడా చూసుకుని రాత్రికి ఇల్లు చేరాలి, పాప ఐదో తరగతి, బాబు ఒకటో తరగతి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఏ వరుసలో వెళ్తే అన్నీ కవర్ అవుతాయి అని. ఏ వరుసలో వెళ్లినా కావు. కారు దిగడం, చెప్పులు విప్పడం, ఫోటో దిగడం, మళ్లీ కారెక్కడం, ఇంతే అవుతుంది. మధ్యాహ్నానికి బాబు ఏడుస్తాడు, సాయంత్రానికి పెద్దలు విసుక్కుంటారు, ఇంటికొచ్చాక పాపను ఏం చూశావని అడిగితే ఐస్‌క్రీం పేరు చెబుతుంది.

హనుమకొండలో సోషల్ టీచర్‌గా చాలా ఏళ్లు చేశాను, బడి పిల్లలను బస్సులో వేసుకుని ఈ చోట్లన్నీ తిప్పాను, ఇప్పుడు మనవళ్లను తిప్పుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఒక్క రోజుకు రెండే చోట్లు. మీకైతే పొద్దున రామప్ప గుడి, సాయంత్రం ఖిలా, అంటే వరంగల్ కోట. మధ్యలో ఏమీ పెట్టుకోవద్దు, తిండీ కునుకూ తప్ప. వేయి స్తంభాల గుడి, భద్రకాళి రెండూ హనుమకొండలోనే దగ్గర దగ్గరగా ఉంటాయి, మీకు గంటన్నర ప్రయాణం కూడా ఉండదు, వాటికి ఇంకో ఆదివారం పూట చాలు. లక్నవరం అందమైన చెరువే, వేలాడే వంతెన పిల్లలకు బాగా నచ్చుతుంది, కానీ అక్కడికి వెళ్తే ఆ రోజంతా అక్కడే అయిపోతుంది. పాకాల అయితే నర్సంపేట దిక్కు, రామప్పతో అసలు కలవదు, మ్యాప్‌లో పక్కపక్కన కనిపించినంత మాత్రాన రోడ్డు కలవదు కదా.

రామప్పనే పొద్దున ఎందుకంటే కారణం ఒకటే, కాళ్లు. గుడి చుట్టూ చెప్పుల్లేకుండా తిరగాలి, కింద అంతా బండ. చలికాలం వదిలేస్తే పదిన్నర, పదకొండు దాటాక ఆ బండ మీద పెద్దవాళ్లమే గెంతుతూ నడుస్తాం, ఆరేళ్ల పిల్లాడు ఇక చూసేదేముంది, నీడ కోసం పరుగే. నేను చూసిన కుటుంబాల్లో సగం మంది సరిగ్గా పన్నెండింటికి దిగుతారు, పది నిమిషాల్లో లోపల దండం పెట్టుకుని బయటపడతారు. గుడి బయటి గోడ మీద ఉన్న అసలు సంగతంతా చూడకుండానే పోతారు. గుడి పొద్దున ఆరింటికే తెరుస్తారు. మీరు ఐదింటికి జనగామలో కదిలితే కాజీపేట, హనుమకొండ, ఆత్మకూరు, ములుగు మీదుగా అంతా ఒకే జాతీయ రహదారి, ఎనిమిదికల్లా రామప్ప గుడి ఉన్న పాలంపేటలో ఉంటారు. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరగాలి, బోర్డు ఉంటుంది. అందరికీ ఒక్కో జత సాక్సులు పెట్టుకోండి, పాతవి. అమ్మగారికి మరీ ముఖ్యం.

ఇంకోటి, ఇది జనగామ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. రామప్పకు దగ్గర్లో గణపురం కోటగుళ్లు ఉన్నాయి. ఫోనులో ఘనపూర్ అని కొడితే మీ పక్కనే ఉన్న స్టేషన్ ఘన్‌పూర్ చూపించి ఇరవై నిమిషాల్లో చేరుకున్నారు అంటుంది. మీరు వెతకాల్సింది భూపాలపల్లి జిల్లా గణపురం. దాని సంగతి తర్వాత చెబుతా.

ఇప్పుడు రామప్పలో ఏం చేయాలన్నది. దిగగానే పిల్లలకు కాకతీయుల వంశవృక్షం చెప్పడం మొదలుపెట్టకండి, దయచేసి. బేతరాజు, ప్రోలరాజు అంటూ మొదలుపెడితే బడిలోనే ఉన్నట్టుంటుంది వాళ్లకు. నాలుగు ముక్కలు చాలు: ఇది రాజు కట్టించిన గుడి కాదు, గణపతిదేవుడనే రాజు దగ్గర పనిచేసిన రేచర్ల రుద్రుడు అనే సేనాని కట్టించాడు, శాసనంలో ఉన్న ఏడాది 1213, అంటే ఎనిమిది వందల ఏళ్లు దాటింది, 2021 జులైలో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు, తెలంగాణలో ఆ గౌరవం దక్కిన మొదటి కట్టడం ఇదే. గుడికి దేవుడి పేరు కాకుండా శిల్పి పేరు మీద రామప్ప అని వచ్చిందని చెప్పుకుంటారు, అది జనం మాట. దేవుడు రామలింగేశ్వరుడు. అంతే. ఇక వాళ్లకు పని అప్పజెప్పండి.

బాబుకు ఏనుగులు. గుడి అరుగు ఎక్కాక బయటి గోడ అడుగున చుట్టూ ఏనుగుల వరుస ఉంటుంది, జానెడు ఎత్తులో, ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నట్టు. ఏ రెండూ అచ్చు ఒకేలా ఉండవని గైడ్లు చెబుతారు. నిజమో కాదో తేల్చమని బాబుకు చెప్పండి. మా చిన్న మనవడికి ఈ పని ఇస్తే వాడు వంగి వంగి, వేలితో తొండాలు తడుముతూ గుడి చుట్టూ తిరిగాడు, ఒక ఏనుగు తొండం మడిచింది, ఒకటి తొండంతో ఏదో పట్టుకుంది, ఒకదానికి తొండమే విరిగిపోయింది, ఒకదాని మీద మావటి ఉన్నాడు అని గట్టిగా అరుస్తూ. ఒక మూల దగ్గర ఆగిపోయి, తాతా, ఈ ఏనుగు సగం ఈ గోడ మీద, సగం ఆ గోడ మీద ఉంది అన్నాడు. ఆ మూలను నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. లెక్క మధ్యలో తప్పిపోతే పోనివ్వండి, లెక్క ఎవరికి కావాలి.

పాపకు మదనికలు. చూరు కింద, స్తంభాలకు పైకప్పుకు మధ్య ఏటవాలుగా నిలబెట్టిన ఆడవాళ్ల బొమ్మలు, మొత్తం పన్నెండు, నల్లరాయిలో చెక్కినవి. వాటి రాయి వేరు, గోడ రాయి వేరు అని ముందు చూపించండి. గోడ ఎర్రగా ఉండే ఇసుకరాయి, బొమ్మలది డోలరైట్ అనే గట్టి నల్లరాయి. అంత గట్టి రాయి కాబట్టే ఇన్ని వందల వానలకు కూడా అంచులు అరిగిపోలేదు. ఒకామె ఒంటి చుట్టూ పాము ఉంటుంది, నాగిని అంటారు. ఒకామె కాళ్లకు మడమ ఎత్తుగా ఉన్న చెప్పులు ఉంటాయి, వేటకు వెళ్లే ఆమె. ఆ చెప్పులామె ఎక్కడుందో మీరు చెప్పొద్దు. పాపనే వెతకమనండి. మెడ పైకెత్తి పన్నెండు బొమ్మలనూ పాదాల దాకా చూస్తే గానీ దొరకదు, ఆ వెతుకులాటలో నగలు, జడలు, కట్టుబట్ట, నిలుచున్న తీరు అన్నీ దానంతటదే చూసేస్తుంది. బొమ్మ గీసే అలవాటుంటే ఒక నోటుబుక్కు, పెన్సిలు ఇవ్వండి, ఫోను మాత్రం ఇవ్వకండి.

లోపలికి వెళ్లే ముందు గైడును మాట్లాడుకోండి, డబ్బుల సంగతి ముందే తేల్చుకోండి, ఎంత సేపు చెబుతారో కూడా. పిల్లలున్నారు, పిల్లలకు చెప్పండి, మాకు తర్వాత చూద్దాం అని ముందే అనండి, ఆ ఒక్క మాటతో వాళ్లు చెప్పే తీరే మారిపోతుంది. గైడు ఎందుకంటే టార్చిలైటు కోసం. మధ్య మండపంలో నాలుగు నల్లరాతి స్తంభాలు ఉంటాయి, అద్దంలా నున్నగా తీర్చినవి, వాటి మీద వేసిన చెక్కడంలో సూదిమొన పట్టేంత సన్నటి కంతలు ఉంటాయి, ఒకవైపు నుంచి లైటు వేస్తే ఇంకోవైపు చుక్కలుగా వెలుగు వస్తుంది. ఆ రోజుల్లో మిషను లేదు, డ్రిల్లు లేదు, ఇంత గట్టి రాయికి ఈ కంత ఎట్లా పెట్టారు అని పాప తప్పకుండా అడుగుతుంది. మీరు గూగుల్ తీసి జవాబు చెప్పేయకండి, నువ్వైతే ఎట్లా పెడతావు అని తిరిగి అడగండి. కారులో ములుగు వచ్చేదాకా అదే మాట నడుస్తుంది, నేను గ్యారంటీ. గర్భగుడి వాకిలి పక్కన వేణువు ఊదే కృష్ణుడి దగ్గర రాతిని గైడు వేలితో కొడితే స్వరాలు పలుకుతాయి, అది పిల్లలు చెవి ఆనించి వినాల్సిందే. వచ్చినవాళ్లందరూ కొట్టుకుంటూ పోతే రాయి అరుగుతుంది కాబట్టి మనవాళ్లను కొట్టనివ్వకండి, వింటే చాలు.

నాట్యం నేర్చుకునే పిల్లలైతే వాకిళ్ల మీదా దూలాల మీదా ఉన్న నృత్యభంగిమలు ఇంకా బాగా పట్టుకుంటారు. గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప నాట్యం మీద సంస్కృతంలో పెద్ద గ్రంథమే రాశాడు, ఆయన కాలం ఈ గుడి కాలం ఒకటే. మరుగునపడిన పేరిణి నాట్యాన్ని నటరాజ రామకృష్ణ గారు మళ్లీ నిలబెట్టేటప్పుడు ఈ బొమ్మలనే దగ్గర పెట్టుకుని చూశారు. పాపను ఒక భంగిమ పట్టి నిలబడమనండి, పది లెక్కపెట్టేదాకా. నిలబడలేక పడిపోతుంది, అప్పుడు ఆ బొమ్మ మీద గౌరవం వస్తుంది.

నేల మీద కూడా ఒకసారి చూపించండి. మండపం నేల సమంగా ఉండదు, కొన్ని చోట్ల కుంగి, కొన్ని చోట్ల పైకి లేచి ఉంటుంది. పునాది కింద ఇసుక నింపి దాని మీద కట్టారు, భూమి కదిలినా ఇసుక సర్దుకుని పైనున్న బరువును కాచుకుంటుందని ఇంజినీర్లు చెబుతారు. నేల అంత వంకరైనా గుడి పడిపోలేదు, అదే కళ్లముందున్న సాక్ష్యం. ఇక నీళ్లలో తేలే ఇటుకల గురించి పిల్లలు ముందే విని ఉంటే ఒక మాట ముందే చెప్పేయండి, ఆ ఇటుకలు శిఖరం కట్టడంలో ఉన్నాయి, చేతికిచ్చి బకెట్లో వేసి చూపించరు, లేకపోతే అక్కడ పేచీ పెడతారు. మట్టిలో పొట్టులాంటిది కలిపి కాలిస్తే అది కాలిపోయి లోపల గాలిగదులు మిగులుతాయి, ఇటుక తేలికవుతుంది, శిఖరం బరువు తగ్గితే కింద స్తంభాల మీద భారం తగ్గుతుంది. ఇది ఆరేళ్ల పిల్లాడికి కూడా ఎక్కుతుంది, స్కూలు బ్యాగు బరువు గురించి వాడికి మనకంటే బాగా తెలుసు.

అమ్మగారి సంగతి. పార్కింగ్ నుంచి గుడి దాకా నడక ఉంది, అయితే చదునైన దారే. అరుగు ఎక్కే రాతిమెట్లు మాత్రం ఎత్తుగా ఉంటాయి. ఒక్కసారి ఎక్కించి, లోపల దర్శనం చేయించి, మండపంలోనే నీడకు కూర్చోబెట్టండి, మీరు గోడల చుట్టూ తిరిగేటప్పుడు ఆమెను దించడం ఎక్కించడం పెట్టుకోవద్దు. కార్తీక సోమవారాలు, శివరాత్రి వదిలేయండి, ఆ రోజుల్లో భక్తుల వరుసే ఉంటుంది, శిల్పం చూసే వీలుండదు. కోతులున్నాయి. కొబ్బరి చిప్ప, బిస్కెట్ ప్యాకెట్, చేతిలో కనబడే ఏ కవరైనా పోయినట్టే, సంచిలో పెట్టి జిప్ వేసేయండి, బాబు చేతిలో మాత్రం తినేది ఏదీ ఉండకూడదు.

శాసనం చూడకుండా రావొద్దు. ఆవరణలో చిన్న మండపంలో నిలబెట్టిన రాతి స్తంభం అది. భాష సంస్కృతం, లిపి మాత్రం అప్పటి మన లిపి. పాప దగ్గరికి వెళ్లి చూస్తే గుండ్రటి అక్షరాలు కొన్ని ఎక్కడో చూసినట్టే ఉంటాయి. ఒక్క అక్షరం గుర్తుపట్టినా చాలు, పండగే.

గుడి అయ్యాక, పదిన్నరకల్లా చెరువు కట్ట మీదికి వెళ్లండి. దగ్గరే. అసలు చాలామంది గుడి చూసి చెరువును పిక్నిక్ స్పాట్ లాగా చూస్తారు, నా దృష్టిలో రెండూ కలిపితేనే కాకతీయుల కథ. గుడి కట్టించినవాడే చెరువూ తవ్వించాడు. ఊరు, గుడి, చెరువు మూడూ కలిపే వేసేవాళ్లు, చెరువు కింద పొలం పండితే ఆ పంటలో నుంచే గుడికి ధూపదీపాలు నడిచేవి. పాకాల చెరువు కూడా గణపతిదేవుడి కాలానిదే. కట్ట మీద నిలబెట్టి ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు వరిపొలాలు చూపించండి. తూము ఎక్కడుంది, మత్తడి ఎక్కడుంది, నీళ్లు ఎక్కువైతే ఎటు పోతాయి అని అడగండి. చెరువు గురించి పట్నం పిల్లలకు ఏమీ తెలియదు, మీ జనగామ పిల్లలకైనా తెలిసి ఉండాలి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి కట్ట కింద ఇవ్వాళ కూడా నాట్లు పడుతున్నాయి, మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టిన వస్తువు కాదిది. వానలు పడ్డాక, శ్రావణం నుంచి సంక్రాంతి దాకా వెళ్తే చెరువు నిండుగా ఉంటుంది, ఎండాకాలంలో అంత కళ ఉండదు. పడవ ఉంటే ఎక్కించండి, లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం వద్దు.

సద్ది ఇంట్లోంచే కట్టుకుపొండి. గుడి దగ్గర టీ, బజ్జీ, నీళ్ల సీసాలు దొరుకుతాయి, చెరువు దగ్గర టూరిజం వాళ్ల హోటలు ఉంది, కానీ ఆదివారం రద్దీలో ఆర్డరిచ్చి పిల్లలతో గంట కూర్చోవడం అవసరమా. పులిహోర, పెరుగన్నం, నాలుగు సర్వపిండి ముక్కలు చాలు. సర్వపిండి అయితే మధ్యాహ్నానికి కూడా పాడవదు, కారులో చేత్తో పట్టుకుని తినొచ్చు. పొద్దున టిఫిన్ మాత్రం హనుమకొండలోనో ములుగులోనో ఆగి చేసేయండి, ఖాళీ కడుపుతో పిల్లలను గుడి మెట్లెక్కించకండి.

గణపురం కోటగుళ్లు ఇప్పుడు. రామప్ప నుంచి పది కిలోమీటర్ల లోపే. పిల్లలు ఇంకా హుషారుగా ఉంటే, ఎండ లేకపోతే, ఒక్క ముప్పావుగంట. ప్రాకారం లోపల ఇరవై రెండు గుళ్లు, కొన్ని నిలబడి, కొన్ని కూలి. జనం ఉండరు. రామప్పలో బిగదీసుకుని మాట విన్న పిల్లలకు ఇక్కడ కాస్త పరుగెత్తే చోటు దొరుకుతుంది. బాబు కళ్లు మూసుకుపోతుంటే వదిలేయండి, ఏమీ పోదు. ఇది మొదటి రెండింటి లెక్కలోది కాదు.

పదకొండున్నర, పన్నెండుకు అక్కడి నుంచి బయల్దేరితే పిల్లలు కారులో పడుకుంటారు, హనుమకొండ రాగానే భోజనం, తర్వాత ఎవరైనా బంధువులుంటే గంటన్నర వాళ్లింట్లో నడుం వాల్చండి. వరంగల్‌లో బంధువులు లేని జనగామ వాళ్లు ఉంటారని నేననుకోను. ఎవరూ లేకపోతే హంటర్ రోడ్డులో జూపార్కు ఉంది, చెట్ల నీడ ఉంటుంది, కానీ అక్కడ మళ్లీ నడక, సాయంత్రానికి ఓపిక మిగలదు. ఏసీ హోటల్లో భోజనం దగ్గరే నింపాదిగా కూర్చోవడం నయం. నాలుగింటికి ముందు ఖిలాకు వెళ్లకండి.

ఖిలా వరంగల్‌లో చాలామంది తోరణాల దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు, కోట చూశాం అంటారు. తోరణాలు కోట కాదు, కోట మధ్యలో ఉన్న గుడి వాకిళ్లు. అందుకే నేను తిరగేసి మొదలుపెడతాను, గోడల దగ్గర. కారులో లోపలికి వెళ్తున్నప్పుడే బయటి మట్టికోట దాటుతాం, గడ్డి మొలిచిన పెద్ద కట్టలా ఉంటుంది కాబట్టి ఎవరూ గుర్తుపట్టరు. తర్వాత కందకం, తర్వాత రాతికోట. రాతికోట దర్వాజా దగ్గర దారి సూటిగా ఉండదు, గోడకు తగిలి మళ్లీ తిరగాలి. కారు అక్కడ నెమ్మదిస్తుంది కదా, అప్పుడే పిల్లలను అడగండి, తలుపు ఎదురుగా పెట్టకుండా ఇట్లా వంకర ఎందుకు పెట్టారు అని. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపు గుద్దకుండా అని బాబే చెబుతాడు చూడండి, పొద్దుటి ఏనుగులు ఇంకా బుర్రలో ఉంటాయి.

రాతిగోడ గణపతిదేవుడు మొదలుపెడితే ఆయన కూతురు రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తిచేసింది. నలభై ఐదు బురుజులు. గోడ లోపలివైపు మెట్ల వరుసలు ఉంటాయి, ఎక్కడ దాడి జరిగితే అక్కడికి సైనికులు గబగబా ఎక్కిపోవడానికి. అనువైన చోట నాలుగు మెట్లు ఎక్కించండి, పైదాకా వద్దు, పక్కన పిట్టగోడ ఉండదు. మట్టికోటను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ 1310లో మాలిక్ కాఫూర్ ముట్టడించినప్పుడు ఢిల్లీ సైన్యాన్ని నిలువరించింది ఆ మట్టిగోడే, యంత్రాలతో విసిరిన రాళ్లు దానికి తగిలి వెనక్కి పడేవని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రోనే రాశాడు. మట్టి గట్టిదా రాయి గట్టిదా అని పిల్లలతో పందెం వేయండి. కోట ఆఖరికి 1323లో ప్రతాపరుద్రుడి కాలంలో పడిపోయింది, అప్పటికి ఢిల్లీ సేనలు పలుమార్లు వచ్చిపోయాయి.

రుద్రమదేవి గురించి పాపకు చెప్పేటప్పుడు సినిమా కథలు పెట్టకండి. ఆడపిల్లను రాజును చేస్తే సామంతులు కొందరు తిరగబడ్డారు, దేవగిరి యాదవులు దండెత్తి వచ్చారు, ఆమె తట్టుకుని నిలబడి 1262 నుంచి 1289 దాకా ఏలింది. నల్లగొండ దిక్కు చందుపట్లలో దొరికిన శాసనం 1289లో ఆమె చనిపోయిన సంగతి చెబుతుంది. ఇంత చాలు. కోహినూర్ వజ్రం ఇక్కడిదే అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అది చెప్పుకునే మాట, పక్కా ఆధారం లేదు, పిల్లలకు కూడా అట్లాగే చెప్పండి, ఏది రుజువున్నదో ఏది వినికిడో తేడా ఐదో తరగతికి అర్థమవుతుంది.

ఇక తోరణాలు. టికెట్ పెద్దవాళ్లకే, కొద్ది మొత్తం, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు. లోపలికి వెళ్లగానే నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో స్వయంభూ శివాలయం ఉండేది, ఇప్పుడు రాళ్లే. ఇక్కడ ఆట ఇదీ: రాష్ట్ర ప్రభుత్వ చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఈ తోరణం ఉంటుంది. పాప స్కూలు పాఠ్యపుస్తకం మీదో, ఏదైనా ప్రభుత్వ కాగితం మీదో ఉన్న చిహ్నం ముందే ఒకటి కత్తిరించి తెచ్చుకోండి, పట్టుకుని పోల్చమనండి. తర్వాత మధ్యలో పడి ఉన్న రాళ్ల దగ్గర, ఏది స్తంభం ముక్క, ఏది దూలం, ఏది పైకప్పు అని జత కలపమనండి. పొద్దున రామప్పలో నిలబడి ఉన్న గుడి చూశారు కదా, విరిగిన ముక్క చూసి ఇది ఆ గుడిలో ఎక్కడ ఉండేదో పోల్చగలుగుతారు. అందుకే ముందు రామప్ప, తర్వాత ఖిలా. తిరగేస్తే ఇక్కడ రాళ్లకుప్పే కనిపిస్తుంది. నేల చదునుగా ఉంటుంది, అమ్మగారు ఇక్కడ హాయిగా కూర్చోవచ్చు. కూలిన రాళ్ల మీద బాబును ఎక్కనివ్వొద్దు, కాపలావాళ్లు ఈల వేస్తారు, వేయడమే న్యాయం.

పక్కనే ఖుష్ మహల్. కాకతీయుల తర్వాతది, ఆ తర్వాతి కాలంలో వరంగల్‌ను ఏలిన షితాబ్ ఖాన్ పేరుతో చెబుతారు, పెద్ద పెద్ద కమానులు, ఏటవాలు గోడలు, లోపల చల్లగా ఉంటుంది. గోడ లోపలికి వాలినట్టు ఎందుకుందో చూడమనండి, రామప్ప గోడకూ దీనికీ తేడా చెప్పమనండి. ఆ తర్వాత ఏకశిల గుట్ట, అంతా ఒకటే రాయి, పైన చిన్న గుడి, కింద చెరువు, పిల్లల పార్కు. పాప, మీరు ఎక్కండి, బాబు, అమ్మగారు కింద పార్కులో ఉయ్యాల దగ్గర ఉంటారు. పైనుంచి చూస్తే కోట గుండ్రంగా ఉందని తెలుస్తుంది, పొద్దునుంచీ చెప్పిన గోడలు అప్పుడు ఒక్కసారిగా అర్థమవుతాయి. రాత్రి సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది, ఆ రోజు నడుస్తుందో లేదో, తెలుగు ఆట ఎన్నింటికో గేటు దగ్గర అడిగి చూసుకోండి. నా సలహా మాత్రం, ఒకటో తరగతి పిల్లాడు అప్పటికి నిద్రకు ఆగడు, ఆరున్నరకే బయల్దేరండి, ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో పడతారు.

కారు లేనివాళ్లు కూడా ఈ జవాబు చదువుతారేమో, వాళ్లకు రెండు ముక్కలు. రైలులో వస్తే వేయి స్తంభాల గుడికి కాజీపేటలో దిగడం దగ్గర, ఖిలాకైతే వరంగల్ స్టేషన్‌లో. రామప్పకు హనుమకొండ బస్టాండు నుంచి ములుగు బస్సు, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవడం. ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమే, ఆధార్ మరచిపోకండి. కానీ బస్సు మీద రెండు చోట్లూ ఒక్కరోజులో కుదరదు, ఏదో ఒకటే పెట్టుకోండి.

వేయి స్తంభాల గుడికి మీరు ఇంకో ఆదివారం వెళ్లినప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. బాబు స్తంభాలు లెక్కపెడతానంటాడు, పెద్దవి మాత్రమే లెక్కపెడితే వేయి రావు, గొడవ మొదలవుతుంది, సిద్ధంగా ఉండండి. ఎదురుగా ఉన్న కల్యాణమండపాన్ని 2006లో రాయి రాయి విప్పేసి, పునాది మళ్లీ వేసి, 2024 శివరాత్రికి తెరిచారు. పాప పుట్టకముందు విప్పారు, పాప బడికి వెళ్తుండగా కట్టి తెరిచారు. అది చెబితే, అంత పెద్ద మండపాన్ని మళ్లీ ఎలా అమర్చారు, ఏ రాయి ఎక్కడిదో ఎలా గుర్తుపెట్టుకున్నారు అని అడుగుతుంది, అక్కడి నుంచి మీ పని సులువే. భద్రకాళి దర్శనం ఆ రోజే, సాయంత్రం, అమ్మగారి తృప్తి కోసమైనా.

తేదీ ఖాయం చేసుకునే ముందు మేడారం జాతర రోజులు చూసుకోండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది, ఆ ఏడాది జాతరకు ముందు వారాల నుంచే ములుగు రోడ్డు మీద బండి కదలదు. తిరిగొచ్చే దారిలో ఆదివారం సాయంత్రం కాజీపేట దగ్గర కూడా రద్దీ ఉంటుంది. పెట్రోలు హనుమకొండలోనే కొట్టించుకోండి. గైడుకు, పార్కింగ్‌కు, పడవకు చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, పాలంపేటలో ఫోను సిగ్నల్ ఒక్కోసారి పేమెంటుకు సతాయిస్తుంది.